బ్యారన్‌లో గాలి వైద్యం

కొండను పగలగొట్టి కంకర చేసే క్రషర్ ఒకటి. ఆ కంకర మోసే టిప్పర్లు నలభై. ఆ టిప్పర్లు పోయే మట్టిరోడ్డు ఒకటి, ఆ రోడ్డును ఆనుకొని ఒక గొడ్ల కొష్టం. ఇక ఆ కొష్టంలో గాలి ఎట్లా ఉంటుందో నేను వేరే చెప్పాలా? పొద్దున నింపిన కుడితి తొట్టి మీద మధ్యాహ్నానికి తెల్లగా మీగడ కట్టేది. మీగడ కాదు నా మొహం, రాతిపొడి! గడ్డి నమిలితే పళ్ల కింద కరకరమనేది. నల్ల బర్రె సాయంత్రానికి తెల్లబడేది. రంగు వచ్చిందని ఆవిడ లోపల్లోపల మురిసిపోయేది కూడాను.

ఆ బర్రె పేరు కనకరత్నం. పూటకి ఆరు లీటర్లు ఇస్తుంది. అందుకని కొష్టంలో తన మాటే చెల్లాలని ఆవిడ పట్టు. పాలు ఎక్కువిస్తే తెలివి ఎక్కువుంటుందా అని అడిగే దమ్ము అక్కడ ఎవరికీ లేదు. కుక్క పేరు కమాండర్. వాడికి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ గొంతు మాత్రం నిజంగానే కమాండర్ గొంతు. ఒక్కసారి మొరిగితే మూడు చేల అవతల నక్కలు తోక ముడిచేవి, ఇక పరుగు మొదలుపెట్టాడంటే గట్టు దాటేలోగా పట్టేసేవాడు. ముసలి ఎద్దు కోటయ్య. ఆయన నాలుగడుగులు వేసి ఆగేవాడు, ఊపిరి తీసుకొని మళ్లీ నాలుగడుగులు వేసేవాడు. ఆగినప్పుడల్లా ఆయన రొమ్ములోంచి సన్నగా పిల్లనగోవి ఊదినట్టు చప్పుడొచ్చేది.

ఇక మేక ఓబులమ్మ. పాపం, ఆమెకి ఈ ఈతలో ముగ్గురు పుట్టారు. ఇద్దర్ని నక్క ఎత్తుకుపోయింది. మిగిలింది ఒక్కడే, రెండు నెలల పసివాడు. చింతాకంత ఉన్నాడని వాడికి చింతాకు అనే పేరు పెట్టుకుంది. ఆ చింతాకు ఇప్పుడు దగ్గుతున్నాడు.

ఈ కొష్టం యజమాని సాంబయ్య పొద్దున్నే వచ్చి పాలు పిండుకొని, కట్లు విప్పేసి ఊళ్లోకి వెళ్లిపోయేవాడు. సాయంత్రం దాకా వీళ్లది వీళ్ల ఇష్టం. ఆ రోజు కూడా అట్లాగే వెళ్లిపోయాడు. వెంటనే కొష్టంలో పంచాయితీ మొదలైంది.

"కోటయ్య మావా, బిడ్డ రొమ్ము గురగురమంటోంది. చెవి పెట్టి చూడు" అంది ఓబులమ్మ.

కోటయ్య చెవి పెట్టనే లేదు. "ఇక్కణ్ణుంచే వినపడుతోందమ్మా. దుమ్ము లోపలికి దిగింది. తొట్టి కింద పాత గోనెపట్టాలున్నాయి. వాటిని తడిపి రోడ్డు వైపు తడికకు వేలాడదీయండి. చేను వైపు తడిక తీసెయ్యండి. అటునుంచి మంచి గాలి వస్తుంది, ఈ దుమ్ము తడి గోనెకి అంటుకుంటుంది. గోనెలు ఆరినప్పుడల్లా మళ్లీ తడపాలి" అన్నాడు ఆగి ఆగి.

"అంతేనా?" అంది కనకరత్నం.

"అంతే."

"గోనెపట్టాలా! పూటకి ఆరు లీటర్లిచ్చే గొడ్డుని, నా మొహాన గోనెపట్టా కడతావా? ఇంకేదన్నా గొప్పగా ఉండేది చెప్పు పెద్దాయనా. మనది పేరున్న కొష్టం."

"రోజుకి అయిదారుసార్లు తడపాలా? ఎవరు తడుపుతారు? నాకు కాపలా పనుంది" అన్నాడు కమాండర్. వాడి కాపలా పని ఏందయ్యా అంటే, నీడ ఎటు జరిగితే అటు జరిగి పడుకోవడం.

చూశారా వీళ్ల సంబడం! ఖర్చు లేని వైద్యం చెప్తే నామోషీ, కాస్త ఒళ్లొంచే వైద్యం చెప్తే బద్ధకం. అట్లాంటి చోటికి దొంగ వైద్యుడు రాకుండా ఎట్లా ఉంటాడు? వచ్చాడు. గట్టు మీద నక్క పానకాలు నిలబడి ఉన్నాడు. మెడలో ఎక్కడో ఏరుకొచ్చిన ఎర్రగుడ్డ చుట్టుకున్నాడు.

కమాండర్ లేచి నోరు తెరిచాడు.

"మొరగకండి కమాండర్ గారూ! మీ మేలు కోరి చెప్తున్నా. ఇంత దుమ్ములో నోరు తెరిస్తే గుప్పెడు రాతిపొడి లోపలికి పోదూ? మీ గొంతు ఏమైపోతుంది? అట్లాంటి గొంతు ఈ చుట్టుపక్కల ఇంకోటుందా?"

కమాండర్ తెరిచిన నోరు టక్కున మూసేశాడు. నక్కని చూసి నోరు మూసుకున్న కుక్కని మీరెక్కడన్నా చూశారా? నేను చూశాను, వీడే.

"నేను దొంగతనాలు మానేశానండీ" అన్నాడు పానకాలు, తల కాస్త వంచి. "అడవిలో ఒక పెద్ద వైద్యుడి దగ్గర ఊపిరితిత్తుల వైద్యం నేర్చుకున్నా. ఇప్పుడు సేవ చేసుకుంటున్నా. ఎవరో పసివాడు దగ్గుతుంటే మనసాగక వచ్చా."

"నా ఇద్దరు బిడ్డల్ని తిన్నావు కదరా!" అని కొమ్ములు విదిలించింది ఓబులమ్మ.

"తిన్నానమ్మా, పాపిష్టివాణ్ణి. ఆ పాపం కడుక్కుందామనే ఈ మూడోవాణ్ణి బతికించడానికి వచ్చా" అని కళ్లు తుడుచుకున్నాడు. ఎర్రగుడ్డ అందుకే తెచ్చుకున్నాడేమో.

కనకరత్నానికి మనసు కరిగిపోయింది. "మాట్లాడనియ్యవే ఓబులమ్మా. చదువుకున్నవాడిలా ఉన్నాడు. ఏందబ్బాయ్ నీ వైద్యం?"

"చాలా తేలిక అక్కాయ్. బయట ఉన్నది విషం. లోపల ఉండేది అమృతం. లోపలికి పోయి తలుపు మూసుకోవడమే వైద్యం."

"ఏ లోపలికి?"

"అదిగో" అని చేను చివర ఉన్న పొగాకు బ్యారన్ చూపించాడు.

ఆ బ్యారన్ సంగతి చెప్పాలి. పచ్చాకుని వేలాడదీసి రోజుల తరబడి వేడి మీద పండించే గది అది. ఎత్తయిన ఇటుక గోడలు, పైన రేకులు, ఒకటే తలుపు. కిటికీ అన్న ఊసే లేదు. బయటి పొయ్యి నుంచి లోపలికి ఇనుప గొట్టాలు పోయేవి. పొగాకు వేయడం మానేశాక సాంబయ్య ఆ గొట్టాలు పాత ఇనుపసామాన్లవాడికి అమ్మేశాడు. తలుపు ఓరగా పడి ఉంది. లోపల నేలంతా పదేళ్ల పొగాకు నుసి, మూలల్లో బూజు. వేడి గాలి ఇంత కూడా బయటికి పోకూడదని కట్టిన ఇల్లు అది. చెడ్డగాలి మాత్రం ఎట్లా పోతుందనే ప్రశ్న కనకరత్నానికి తట్టలేదు.

పానకాలు మనసులో మాట నేను చెప్తా. వాడికి కావలసింది చింతాకు. వాడికి అడ్డం కమాండర్ గొంతు, కమాండర్ కాళ్లు. ఈ రెండూ ఆడేది ఊపిరి మీద. ఆ ఊపిరి కాస్తా పుచ్చిపోతే మొరగలేడు, ఉరకలేడు. అప్పుడు పట్టపగలు వచ్చి మేకపిల్లని నోట కరుచుకొని నడుచుకుంటూ పోవచ్చు.

"నేను రాను" అన్నాడు కోటయ్య. "పది సీజన్లు ఆ బ్యారన్ గుమ్మంలో నన్ను బండికి కట్టేశారు. ఆకు దించేటప్పుడు లేచే నుసి, పొయ్యి పొగ, అంతా నేనే పీల్చా. ఇదిగో, నా రొమ్ములో పిల్లనగోవి అప్పుడు చేరిందే. పోయిన ఊపిరి మళ్లీ రాలేదు. దాంట్లోకి పోవద్దు."

"పెద్దాయనకి చాదస్తం" అంది కనకరత్నం. "పది సీజన్లు ఉన్నా బతికే ఉన్నావు కదా? అంటే అది ఆరోగ్యమైన చోటనేగా?"

ఈ తర్కానికి మీరైతే ఏం చెప్తారు?

ఆ పూటే బ్యారన్‌లోకి మకాం మారింది. కనకరత్నం దొరసానిలా ముందు నడిచింది. కమాండర్ వెనక నడిచాడు. ఓబులమ్మ గుమ్మం దగ్గర ఆగిపోయింది. రోడ్డు మీద ఒక టిప్పర్ పోయింది, తెల్లటి దుమ్ము లేచింది, చింతాకు దగ్గీ దగ్గీ ముందుకాళ్ల మీద కూలబడ్డాడు. ఆమె ఇక ఆలోచించలేదు, వాణ్ణి మూతితో తోసుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. తల్లిని నేను తప్పుపట్టను. ముందు కొరివి కనపడుతుంటే వెనక ఏముందో చూసుకునే తీరిక ఎవరికుంటుంది?

తలుపు మూశారు. నిజంగానే దుమ్ము ఆగిపోయింది.

"చూశారా!" అన్నాడు పానకాలు. "ఇప్పుడిక లోపలి గాలిని శుద్ధి చెయ్యాలి."

ఎట్లా శుద్ధి చేశాడనుకున్నారు? సాంబయ్య రాత్రిపూట దోమలకి వేసే పొగకుండ కొష్టంలో ఉంది, అడుగున నిప్పు ఇంకా కణకణలాడుతోంది. దాన్ని తాడు పట్టి ఈడ్చుకొచ్చి బ్యారన్ నడిమధ్య పెట్టాడు. పైన ఎండు వేపాకు వేశాడు, పిడక తుంపాడు, నేల మీది పొగాకు నుసి గుప్పెళ్లతో చల్లాడు. గుప్పుమని పొగ లేచింది. గాలిని శుభ్రం చెయ్యడానికి పొగ పెట్టాడండీ మహానుభావుడు! బురద కడగడానికి బురద పోసినట్టుంది.

"ఆహా, గుళ్లో ఉన్నట్టుంది" అంది కనకరత్నం, కళ్లలోంచి ధారలు కారుతుంటే.

"కళ్లు మండుతున్నాయేంది డాక్టరుగారూ?" అన్నాడు కమాండర్.

"లోపలున్న విషం కళ్లగుండా దిగిపోతోంది. మంచిదే."

"దగ్గొస్తోంది."

"రొమ్ములోది కదులుతోంది. ఇంకా మంచిది. పొగ పలచబడితే మాత్రం వైద్యం చెడుతుంది. తలుపు తీస్తే అసలు పనికిరాదు." ఈ మాట చెప్పి వాడు మాత్రం నెమ్మదిగా బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, గాలి వచ్చే వైపున్న చెట్టు నీడలో పడుకున్నాడు. గంటకోసారి లోపలికి పోయి గుప్పెడు నుసి చల్లి వచ్చేవాడు, అది కూడా ఊపిరి బిగబట్టి.

రాత్రికి కొష్టం, పొద్దున కట్లు విప్పగానే మళ్లీ బ్యారన్. ఒక రోజు గడిచింది. సాంబయ్య పొద్దున పాలు పిండబోతే అయిదు లీటర్లే పడ్డాయి. మర్నాడు నాలుగు. ఆ నాలుగింటికీ పొగ వాసన. "వైద్యం పట్టేటప్పుడు పాలు తగ్గుతాయిలే" అని కనకరత్నం తనకి తనే చెప్పుకుంది. కమాండర్ మొరుగుడు ఇప్పుడు పగిలిన బూర ఊదినట్టుంది. అయినా వాడికి అనుమానం రాలేదు. తన గొంతు గంభీరంగా మారుతోందని వాడి నమ్మకం.

మూడోనాడు చింతాకు పాలు తాగడం మానేశాడు. గుక్క పట్టబోతే ఊపిరాడక వదిలేస్తున్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంటపడుతోంది. ఓబులమ్మ తలుపు తోసుకొని ఒక్క పరుగున కోటయ్య దగ్గరికి వచ్చింది.

"మావా, నా బిడ్డ పోతున్నాడు. తప్పు చేశా. బయటుంటే దుమ్ము, లోపలుంటే పొగ. పై చేలకి తోలుకుపోదామంటే కుక్క కాపలా ఉండదు, ఆ ముండమోపి నక్క దారి కాసి కూర్చుంటాడు. నన్నేం చెయ్యమంటావు చెప్పు!"

కోటయ్య ఆమెని తిట్టలేదు. తిట్టడానికి ఆయనకి ఊపిరి చాలదు కూడా.

"విను. బ్యారన్‌కి ఉత్తరపు గోడలో, నేలకి జానెడెత్తున పొయ్యి కంతలున్నాయి. గొట్టాలు పీకేశాక అవి ఖాళీగా ఉన్నాయి. అడ్డం ఆకుచెత్త పడి ఉంటుంది, కాలితో తన్నెయ్. అవతల అంతా వరి చేను, రోడ్డు దుమ్ము అటు రాదు. బిడ్డ మూతిని ఆ కంతలో పెట్టించి పడుకోబెట్టు. కదలనియ్యకు. పొగ పైకి పోతుంది, చల్లగాలి కిందనుంచి వస్తుంది. వాడు బతుకుతాడు."

"మరి మిగతావాళ్లు?"

"చెప్పా కదమ్మా, విన్నారా? మళ్లీ చెప్తా, చూడు" అని కోటయ్య నాలుగడుగులకోసారి ఆగుతూ బ్యారన్ దాకా వెళ్లి, తలుపు నెట్టి, "కనకరత్నం, కమాండర్, బయటికి రండి. అది గాలి కాదు, చంపేస్తుంది" అన్నాడు.

"తలుపు మూసెయ్యవయ్యా, వైద్యం చెడిపోతుంది!" అని కసిరింది కనకరత్నం, దగ్గుల మధ్యలో.

కోటయ్య తల ఊపాడు. మంచి మాటకి లొంగని మనిషిని ఏ మాటతో కదపాలో ముసలాయనకి తెలుసు. "అట్లాగేనమ్మా. కానీ ఒక్కటే నాకు బాధగా ఉంది. వైద్యుడు బయట చెట్టు కింద కాళ్లు చాపుకొని పడుకున్నాడు. పెద్దింటి రోగి అయితే డాక్టరు మంచం పక్కనుంచి కదలడు. మరి నిన్ను వాడు మామూలు గొడ్డు కింద జమకట్టాడో ఏమో" అన్నాడు.

అంతే! కనకరత్నం తోక జాడించింది. "పానకాలూ! ఏయ్ పానకాలూ!"

పానకాలు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమయ్యా, ఆరు లీటర్ల గొడ్డుని ఇక్కడ పడేసి నువ్వు నీడన పండుకుంటావా? నా పక్కన కూర్చో. ఆ కుండ నువ్వే చూసుకో. పొగ పలచబడకుండా ఊదు."

"అక్కాయ్, బయట కాపలా..."

"కాపలాకి నేను లేనా?" అన్నాడు కమాండర్. అనబోయి సగంలో దగ్గు అడ్డమొస్తే మిగతా సగం సైగ చేశాడు.

"ఏం డాక్టరుగారూ" అన్నాడు కోటయ్య గుమ్మంలోనుంచి, చాలా మర్యాదగా. "లోపలుంది అమృతమే కదా? నీకు ఎందుకు చేదు?"

పానకాలు చిక్కాడు. లోపల కూర్చోనంటే గుట్టు రట్టవుతుంది, అందరూ బయటికొస్తారు, నాలుగు రోజుల్లో కుక్క గొంతు బాగుపడుతుంది, మేకపిల్ల దక్కదు. 'ఇంకో అయిదారు రోజులే కదా, ఓర్చుకుందాం. కుక్క అప్పటికి పూర్తిగా చతికిలబడుతుంది. నాకేమవుతుంది, నేను తెలివైనవాణ్ణి కదా' అనుకున్నాడు. తెలివైనవాళ్ల ఊపిరితిత్తులు వేరే సరుకుతో చేస్తారని వాడి లెక్క కాబోలు.

కూర్చున్నాడు. కుండకి మూరెడు దూరంలో, అందరికంటే దగ్గరగా కూర్చున్నాడు. పొగ తగ్గితే కనకరత్నం కొమ్ముతో పొడిచేది: "ఊదు!" ఊదేవాడు. ఊదిన ప్రతిసారీ మళ్లీ గాలి పీల్చాలి కదా, గుండెనిండా పొగే పీల్చేవాడు. నాలుగోరోజు, అయిదోరోజు, ఆరోరోజు. వాడి కళ్లు ఎర్రగుడ్డ కంటే ఎర్రబడ్డాయి. దగ్గొస్తే మింగేసేవాడు. వైద్యుడు దగ్గితే ఏం బాగుంటుంది?

ఉత్తరపు గోడ మూలన ఓబులమ్మ బిడ్డకి అడ్డంగా పడుకొని ఉంది. కంతలో మూతి పెట్టి చింతాకు చేను గాలి పీలుస్తున్నాడు. అయిదోనాటికి పక్కటెముకల గుంటలు తగ్గాయి. ఆరోనాడు పొదుగు వెతుక్కున్నాడు. ఎనిమిదోనాడు తల్లి తోక పట్టి లాగాడు. ఓబులమ్మకి సంతోషంతో ఏడుపొచ్చింది. చుట్టూ అందరి కళ్లలోనూ నీళ్లే కాబట్టి ఆమె ఏడుపు ఎవరూ పట్టించుకోలేదు.

తొమ్మిదోనాడు మధ్యాహ్నం కమాండర్ పొగలో ఒక పక్కకి ఒరిగిపోయి పడి ఉన్నాడు. నాలుక బయటికొచ్చింది. పానకాలు వాడి చెవి దగ్గరికి పోయి "కమాండర్ గారూ, నక్క వచ్చింది" అన్నాడు పరీక్షగా. కమాండర్ లేవబోయాడు, మొరగబోయాడు. "హు... హు..." అన్న చప్పుడు వచ్చి ఆగిపోయింది. కనకరత్నం నిలబడే తూగుతోంది.

ఇక పానకాలు ఆగలేదు. ఓబులమ్మ మేత కోసం తల తిప్పిన క్షణంలో చింతాకు మెడ పట్టాడు, తలుపు తన్నాడు, బయటపడ్డాడు!

"నా బిడ్డ! ఓరి నాయనో, నా బిడ్డని ఎత్తుకుపోతున్నాడు!" ఓబులమ్మ గావుకేక పెట్టి వెంటపడింది.

పానకాలు లోపల నవ్వుకున్నాడు. గట్టు దాటితే చిట్టడవి. ఇట్లాంటి దూరం వాడు రోజూ రెండు కోళ్లు నోట పెట్టుకొని ఉరికేవాడు. పది గంతులు వేశాడు. పదకొండో గంతుకి రొమ్ములో ఏదో పట్టేసింది. నోటినిండా మేకపిల్ల, ఇక ముక్కుతోనే పీల్చాలి. ముక్కేమో ఆరేడు రోజుల మసితో పూడిపోయి ఉంది. గట్టు ఎదురుగానే ఉంది, కాని అది ఎక్కాల్సిన గట్టు. ఒక అడుగు ఎక్కాడు. ఇన్నాళ్లూ మింగిన దగ్గులన్నీ ఒక్కసారి పైకొచ్చాయి.

దగ్గాడు. నోరు మూసుకొని దగ్గడం ఏ నక్కకి చేతనవుతుంది? నోరు తెరుచుకుంది, చింతాకు కిందపడ్డాడు. పడ్డవాడు పడ్డట్టే లేచి, నిక్షేపంగా చెంగుచెంగున ఎగురుతూ తల్లి వైపు ఉరికాడు. ఆ కొష్టంలో ఆ రోజు అట్లా పరుగెత్తగలిగింది వాడొక్కడే.

కమాండర్ గుమ్మం దాకా పాక్కుంటూ వచ్చి అక్కడే ఆగిపోయాడు. కనకరత్నం తలుపులో ఇరుక్కుంది. మరి నక్కని పట్టింది ఎవరనుకున్నారు? కోటయ్య. కొష్టం దగ్గర్నుంచి బయల్దేరాడు. నాలుగడుగులు వేశాడు, ఆగాడు, ఊపిరి తీసుకున్నాడు. మళ్లీ నాలుగడుగులు. పానకాలు ఆయన రావడం చూస్తూనే ఉన్నాడు. లేవబోతాడు, దగ్గొస్తుంది, కూలబడతాడు. నక్కని నడిచి పట్టుకున్న ఎద్దు లోకంలో ఈయనొక్కడే అయ్యుంటాడు. తాపీగా వచ్చి, వాడి తోక మీద గిట్ట పెట్టి నిలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పమ్మా ఓబులమ్మా, వీణ్ణేం చేద్దాం?"

ఓబులమ్మ కొమ్ములు కిందికి దించింది. అంతలో కనకరత్నం దగ్గుకుంటూ వచ్చింది. ఆవిడకి జరిగింది ఇంకా పూర్తిగా ఎక్కలేదు. "అయ్యో, డాక్టరుగారికి ఊపిరాడట్లేదు! తొందరగా బ్యారన్‌లోకి మోసుకుపోయి తలుపు వెయ్యండి. కుండలో ఇంకాస్త నుసి చల్లండి!"

పానకాలు కెవ్వుమన్నాడు. "వద్దు! కాళ్లు పట్టుకుంటా, అందులోకి వద్దు! పొడవండి, తన్నండి, ఈ రోడ్డు మీద టిప్పర్ కింద పడేయండి. ఆ బ్యారన్‌లో మాత్రం పెట్టకండి. అందులో ఊపిరుండదు. చచ్చిపోతాను!"

కమాండర్ గుమ్మం దగ్గర్నుంచి తలెత్తి చూశాడు.

"మరి మమ్మల్ని తొమ్మిది రోజులు కూర్చోబెట్టావు కదయ్యా అందులో?" అంది కనకరత్నం. ఆవిడ గొంతు అంత చిన్నగా రావడం ఎవరూ ఎన్నడూ వినలేదు.

పానకాలు నేల చూశాడు.

ఓబులమ్మ మూడు పోట్లు పొడిచింది. రెండు పోయిన బిడ్డల పేరున, మూడోది ఉన్నవాడి పేరున. నాలుగోది కనకరత్నం పొడిచింది, అది సిగ్గుతో పొడిచింది కాబట్టి అన్నిటికంటే గట్టిగా తగిలింది. కోటయ్య గిట్ట తీశాడు. పానకాలు గట్టు మీద పాకుతూ, పది అడుగులకోసారి దగ్గుతూ అడవి దారి పట్టాడు.

ఆ పూటే గోనెపట్టాలు తడిశాయి. నోట కరిచి తొట్టిలో ముంచి తెచ్చేది కమాండర్, కొమ్ముతో ఎత్తి తడికకు తగిలించేది కనకరత్నం. ఆరు లీటర్ల గొడ్డు, కాపలా దొర, ఇద్దరూ రోజుకి ఆరుసార్లు చేస్తున్నారు. చేను వైపు తడిక తీసేశారు. దుమ్ము మరీ ఎక్కువైన రోజున అందరూ కలిసి, కుక్కని వెంటబెట్టుకొని పై చేలకి పోతున్నారు. మొదటిరోజే చెయ్యగలిగిన పని ఇది. తొమ్మిది రోజులు పొగ తాగి, పాలు సగం పోగొట్టుకొని, గొంతు పాడుచేసుకొని మరీ చేశారు. కమాండర్ గొంతు నెల రోజులకి సగం వచ్చింది. మిగతా సగం వస్తుందని కోటయ్య చెప్పలేదు, వాడు అడగనూ లేదు.

ఇక పానకాలు ఉన్నాడు చూడండి, వాడి బతుకే బతుకు. ఇప్పుడు కూడా దొంగతనానికి బయల్దేరతాడు. పొదల్లో నక్కి, పొట్ట నేలకానించి, అడుగులో అడుగేసుకుంటూ కోళ్ల గూటి దాకా వస్తాడు. ఇంకో రెండడుగులు ఉందనగా ఖళ్ ఖళ్ మంటూ దగ్గొస్తుంది. ఊరంతా కర్రలు పట్టుకొని లేస్తుంది. కోళ్లయితే లేవడం కూడా మానేశాయి, ఆ దగ్గు విని "డాక్టరుగారొచ్చారు" అనుకొని అటు తిరిగి పడుకుంటున్నాయి.

నీతి: ఊపిరితిత్తులకి ఇంటి గాలి, వీధి గాలి అనే భేదం లేదు, తలుపుకి ఎటువైపు నిలబడి పీల్చినా చెడ్డగాలి చెడ్డగాలే, అది పెట్టినవాణ్ణి కూడా వదలదు.